సున్నా పడని పదిహేడో యంత్రం

పొద్దున ఆరు కొట్టడానికి ఇంకా పదకొండు నిమిషాలుండగా నూకరత్నం బెడ్డు తుడవడం ముగించింది. దూలాలను పడుకోబెట్టి రంధ్రాలు కోసే యంత్రానికి ఇరవై ఎనిమిది మీటర్ల ఇనప బెడ్డు. కిరోసిన్ గుడ్డతో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేసరికి నడుము పట్టేస్తుంది. అయినా సున్నావేళకు ముందు దాని మీద ఒక్క ఇనప రజను కూడా మిగలకూడదు. మిగిలిందా, "పదిహేడో యంత్రం, నూకరత్నం, శుభ్రం అసంపూర్ణం" అని, తీరంలోని యంత్రాలన్నిటినీ కలిపి నడిపే కంప్యూటర్ల వల మేరవల షెడ్డంతా వినబడేలా చెబుతుంది. ఆ గొంతుకు సిగ్గు లేదు, అవతలివాళ్లకు ఉంటుందన్న ఎరుకా లేదు.

సున్నావేళ తీరమంతటికీ ఒకటే. భీమిలి నుంచి కాకినాడ దాకా నాలుగొందల పన్నెండు యంత్రాలు, ఆరు కాగానే నాలుగొందల పన్నెండు బొటనవేళ్లు. ఎవరి యంత్రం ఎక్కడుందో అదే ఆ రోజుకు సున్నా అని అందరూ నొక్కాలి. అప్పుడే మేరవల కొలతలు పంచుతుంది. ఒక్కరు నొక్కకపోయినా ఎవరికీ ఇవ్వదు. పందొమ్మిదేళ్లలో అలా ఎవరూ మిగల్లేదు. పెళ్లిళ్లు ఎగ్గొట్టినవాళ్లున్నారు గానీ సున్నా ఎగ్గొట్టినవాళ్లు లేరు.

బెడ్డు మీద పదో తలుపు దూలం పడుకుని ఉంది. ఉప్పుటేరు నోట్లో పది ఇనప తలుపులు నిలబడాలి. ఉప్పెన వచ్చినప్పుడు పదీ దిగితే ఊళ్లోకి నీళ్లు రావు. దూలానికి ఆ కొసన ఒక రంధ్రం, ఈ కొసన ఒక రంధ్రం ఉంటాయి. రెండూ ఒకే గీత మీద ఉండాలి. పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, తప్పితే చాలు, ఇరుసు బిగుసుకుంటుంది, తలుపు దిగదు. ఆ కొస రంధ్రం పోయిన మంగళవారం పొద్దున అయింది. ఈ కొసది ఈ మంగళవారం, ఇవాళ.

కిందటి తుపానుకు మూడో తలుపు నేలకు జానెడు ఎత్తులో బిగుసుకుపోయింది. దాని మీద డ్యూటీలో ఉన్నది నూకరత్నం తమ్ముడు మసేను. మోటారు కాలిపోతే నడుంలోతు నీళ్లలో నిలబడి చేత్తో తిప్పాడు. ఆ జానెడు సందులోంచి వచ్చిన నీటికే రెండు వీధులు కొట్టుకుపోయాయి. మేరవల తన లెక్కలు తిరగేసి, దూలంలో తప్పేమీ లేదంది. అందరూ నమ్మారు. నూకరత్నం అందరికంటే గట్టిగా నమ్మింది. ఆ దూలం కోసింది ఆమే మరి.

ఇప్పుడు మసేనుకు పదో తలుపు మీద డ్యూటీ వేశారు. తుపాన్ల కాలానికి తొమ్మిది రోజులుంది.

ఆమె వంగి బెడ్డు కిందికి చూసింది. అక్కడ బోర్లించిన క్యారేజీ గిన్నెకు పక్కన కోసిన కిటికీలో ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. యాభై మూడు.

అంకెలు చూపే ఆ పెట్టె ఆమె సొంతం. కూలగొట్టిన అపార్ట్‌మెంటు లిఫ్టులోంచి తెచ్చిన అయస్కాంతపు పట్టీని ఒక కొసన వెనక గోడ రాతికి బిగించి, రెండో కొసకు ఇనప దిమ్మ వేలాడదీసి, బెడ్డు పొడవునా లాగింది. పట్టీ బెడ్డును ఎక్కడా తాకదు. బెడ్డు చివర బిగించిన ఎన్‌కోడర్ తల ఆ పట్టీని చదువుతుంది. బెడ్డు మైక్రాను జరిగితే గిన్నెలో అంకె మారుతుంది. యంత్రం ఏం చేస్తోందో మేరవల చెప్పకుండా తన కళ్లతో తాను చూసుకోవాలని చేసుకుంది. దానికీ ఒక సున్నా బొత్తాం పెట్టింది. ఉప్పుగాలికి బొత్తాం చిలుము పట్టి చచ్చింది. మార్చాలి, మార్చాలి అనుకుంటూ బద్ధకించింది. అలా తీరం మొత్తంలో రోజూ పొద్దున్నే తుడుచుకోని కొలత అదొక్కటే మిగిలింది.

ఆ బద్ధకమే ఆమెకు చూపించింది. యంత్రం ఆపి ఉన్నా గిన్నెలో అంకె ఎక్కుతోంది, దిగుతోంది. మొదట తీగ వదులైందనుకుని మళ్లీ అతికింది. అయినా ఆగలేదు. ఒకరోజు అంకె బాగా ఎక్కినప్పుడు దాన్ని అరచేతి మీద రాసుకుని డ్యూటీ దిగాక ఒడ్డుకు వెళ్లింది. సముద్రం నిండు పోటు మీద ఉంది. మర్నాడు అంకె బాగా తగ్గిన వేళకు వెళ్లింది. నీళ్లు వెనక్కి పోయి, పడవలు బురదలో కూర్చున్నాయి. నూకరత్నం ఆ బురదలోనే నిలబడిపోయింది. నీటి బరువుకు తీరం కుంగుతోంది. తీరంతో పాటు షెడ్డు, షెడ్డుతో పాటు అంత పొడుగు ఇనుమూ వంగి లేస్తున్నాయి. కదలదని అందరూ నమ్మిన నేల, రోజుకు రెండుసార్లు ఊపిరి తీస్తోంది. భయం వేసింది, ఏడుపూ వచ్చింది, ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె ఆగుతుందేమో అనిపించింది.

"ఏటమ్మీ, ఆ గిన్నికాడ కూకున్నావు?" గౌరునాయుడు వచ్చాడు. ఆ షెడ్డుకు ఆయనే మేస్త్రి. మేరవల వచ్చిన తొలిరోజు నుంచీ సున్నా నొక్కుతున్నవాడు. గిన్నె సంగతి తెలిసీ ఇన్నాళ్లూ చూడనట్టు ఊరుకున్నాడు.

"మేస్త్రిగోరూ, పోయిన మంగళారం ఇది పన్నెండు కాడ ఉండీది. ఇయాల యాభై మూడు. ఇప్పుడు సున్నా నొక్కీసి కోస్తే రెండు బెజ్జాలికీ నలభై ఒకటి తేడా వొస్తాది."

"వేడికి సాగుంటాది."

"వేడికైతే రోజుకి ఒకపాలి ఎక్కి దిగాల. ఇది రెండుపాల్లు దిగతంది. అయినా ఈ షెడ్డులో వేడెక్కడిది, ఇరవై డిగ్రీలు దాటనిస్తాదా మేరవల? ఇది సముద్రం. వారం తిరిగీసరికి అదే గంటకి పోటున్న కాడ పాటుంటాది. మీరు ఒడ్డు మీదే పుట్నారు, మీకు నాను సెప్పాలా."

గౌరునాయుడు గడ్డం గోక్కున్నాడు. "మేరవలకి తెలకుండా ఉంటాదేటి?"

"రోజూ పొద్దున్నే మనమే తుడిసీస్తన్నాం గదా. పొద్దున ఎక్కడుంటే అదే సున్నా అని సెప్తన్నాం. దానికెలగ తెలుస్తాది?"

"సొంత కొలతని పట్టుకుని మాటాడితే కార్డు పోద్ది, రత్నం. మళ్లీ ఏ యంత్రమూ నీ సేతికింద తిరగదు. ఇంటికాడ నీ ఒక్కదాని జీతమే గదా."

ఆమెకు తెలుసు. రాత్రంతా అదే ఆలోచించింది. ఈ చేతులకు వేరే పని రాదు. కానీ ఇలాగే తప్పు సున్నాలతో కోసిన మూడో తలుపు గుర్తొచ్చినప్పుడల్లా ఆ చేతుల్నే దాచుకోవాలనిపిస్తోంది.

ఆరైంది. పచ్చదీపం వెలిగింది. చుట్టూ యంత్రాల దగ్గర బొటనవేళ్లు దిగిన చప్పుడు వినిపించింది. నూకరత్నం రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"పదిహేడో యంత్రం. సున్నా అందలేదు."

"ఇవ్వను," అంది.

"కారణం?"

"ఇది సున్నా కాదు. యాభై మూడు. నేల వొంగి ఉంది."

"ఆ సంఖ్య మా నుంచి వెళ్లలేదు. సొంత కొలత నిషిద్ధం. కార్డు రద్దయింది." ఆమె ముందు వెలుగుతున్న పలక నల్లబడింది. "గౌరునాయుడు, ఈ యంత్రానికి మీ బొటనవేలు ఇవ్వండి. నాలుగొందల పదకొండు యంత్రాలు వేచి ఉన్నాయి."

గౌరునాయుడు ముందుకొచ్చి వేలు ఎత్తాడు. నూకరత్నం అడ్డు పడలేదు. "ఒక్కపాలి సూసి నొక్కండి," అని మాత్రం అంది.

ఆయన మోకాళ్లు పట్టుకుని వంగాడు. ఎర్ర అంకెలు నిలకడగా ఉన్నాయి. యంత్రం ఆగి ఉంది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఆయన చూస్తుండగానే యాభై మూడు యాభై రెండైంది.

"మళ్లినట్టుంది పోటు," అన్నాడు. లేవలేదు. అక్కడే నేల మీద చతికిలబడి, అరచేయి గచ్చుకు ఆనించి ఉంచాడు.

"గౌరునాయుడు, మీ బొటనవేలు."

"ఉండు," అన్నాడాయన. పందొమ్మిదేళ్లలో మేరవలతో ఎవరూ ఆ మాట అనలేదు.

పక్క యంత్రాలవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి గిన్నె చుట్టూ మూగారు. ఏటయ్యిందని వేరే షెడ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. యాభై ఒకటి. యాభై. పావుగంట తరవాత గౌరునాయుడి పలక మీద ఒక వాక్యం వచ్చింది: సున్నా లేకుండా ఎలా చదవాలి?

మేరవల ప్రశ్న అడగడం ఎవరికీ తెలియదు. కారణాలు అడుగుతుంది, పేర్లు అడుగుతుంది. ఎలా అని ఎప్పుడూ అడగలేదు.

"ఏం రాయాల?" అన్నాడు గౌరునాయుడు.

"ఏటీ సెయ్యద్దనండి. పొద్దున్న నొక్కిన సున్నాలన్నీ ఎత్తీసి, యంత్రాలు ఆపీసి, అయిదు గంటలు ఊరికే సూడమనండి."

మేరవల ఎన్‌కోడర్లు ఆ లిఫ్టు పట్టీకంటే వంద రెట్లు సూక్ష్మమైనవి. రోజూ తెల్లారగానే సున్నా నొక్కి వాటి కళ్లకు గంతలు కట్టకపోతే అవీ చూడగలిగేవే. ఆ పూట తీరమంతటా ఒక్క రంధ్రం పడలేదు. నాలుగొందల పన్నెండు యంత్రాల దగ్గర మనుషులు చేతులు కట్టుకుని చివరి అంకెను చూస్తూ నిలబడ్డారు. తొమ్మిది గంటలకు భీమిలి నుంచి కబురొచ్చింది, అక్కడ పదిహేను దిగిందట. కాకినాడలో ఎనిమిది. ఎవరో ఫోన్లో చెబుతూ చెబుతూ, ఒడ్డు చూసొస్తానని పెట్టేశారు. నూకరత్నానికి అర్థమైంది. ఆ బురదలోకి తననూ ఆ అంకే నడిపించింది.

పదకొండున్నరకు షెడ్డు గోడ మీది పెద్ద పలక మీద వరుస మారింది. పందొమ్మిదేళ్లుగా సున్నాలుండే గడి ఖాళీగా ఉంది. దాని కింద రెండు వాక్యాలు వచ్చాయి. మూడో తలుపు దూలం తిరిగి కొలవాలి, కోసినవారు నూకరత్నం. పదో తలుపు రెండో రంధ్రానికి అనుమతి, కొలతకు పదిహేడో యంత్రం దగ్గరున్న మనిషిని అడగండి.

మొదటి వాక్యం చదివి ఆమె కళ్లు తుడుచుకుంది. పదిమందిలో తన పేరు అలా కనబడినందుకు సిగ్గుపడింది. అంతకు పదింతలు తేలికపడింది. కార్డు మాత్రం తిరిగి రాలేదు. ఆమె ముందున్న పలక ఇంకా నల్లగానే ఉంది.

"నువ్వు సెప్పు, నాను కోస్తాను," అని గౌరునాయుడు తన కార్డు పెట్టి చక్రం పట్టుకున్నాడు. "ఎప్పుడు మొదలెట్టాల?"

"పోయిన మంగళారం ఎంత వొంగి ఉండీదో, అంతకొచ్చినాక. నీళ్లు అడుక్కెళ్లి కాసేపు నిలబడతాయి గదా, ఆ కాసేపట్లోనే అయిపోవాల."

ఆమె గిన్నె ముందు గొంతుక్కూర్చుంది. పద్దెనిమిది. పదహారు. అంకెల మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. కిలోమీటరు అవతల సముద్రం చివరి అడుగులు వెనక్కి వేస్తోందని ఆమెకు చూడకుండానే తెలుస్తోంది. పదమూడు దగ్గర చాలాసేపు ఆగింది. గౌరునాయుడి వేళ్లు చక్రం మీద బిగుసుకున్నాయి.

"ఇంకా నేదు," అంది.

షెడ్డులో అందరితో పాటు మేరవల కూడా ఆమె మాట కోసం కాచుకుని ఉంది. అంకె ఒకసారి మినుకుమని పన్నెండు దగ్గర నిలబడింది.

"ఇప్పుడు కొయ్యండి."