ఎడమకు తిరిగిన మెలిక

కొరియర్‌ని చంపినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు, వాచీ ముట్టుకోలేదు. జేబులోని వెండి లోలాకు కూడా అక్కడే ఉంది. బాబాయ్‌కి అనుమానం వచ్చింది అందుకే.

బాబాయ్ అంటే సీక్రెట్ సర్వీస్ చీఫ్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అలాగే పిలుస్తారు. నిజానికి ఆయన ఎవరికీ బాబాయ్ కాడు. ఆ ఉద్యోగంలో ఎవరికి ఎవరూ ఏమీ కారు.

ఆ మధ్యాహ్నం ఆయన పాత వెండి సామాన్లు బాగుచేసే ఓ ఇరుకు షాపులోకి వచ్చి, షట్టర్ సగం దించాడు. అది వీధి వీధంతా వినబడేలా కీచుమంది.

"మా అత్తగారి లోలాకు. కొక్కెం ఊడింది."

"అత్తగారు కులాసానా?"

కోడ్ కుదిరింది. షాపు యజమానిని వీధిలోవాళ్ళు వెండి డాక్టర్ అంటారు. ఏజెంట్‌గా అతనికి ఆ షాపు కవర్. మిషన్లు తగ్గిపోయాయి, కవర్ మాత్రం మిగిలింది. రోజూ ఒక్కడే షాపు తెరుస్తాడు, ఒక్కడే మూస్తాడు. మాట్లాడాలంటే గిరాకీ రావాలి.

బాబాయ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "ఓ సబ్‌మెరైన్ ఇంజనీరు విదేశీ ముఠాకి భయపడి మన రక్షణ అడిగాడు. ఎవర్నీ నమ్మడు. నాయనమ్మ లోలాకుల జతలో ఒకటి ఉంచుకుని రెండోది ఆ కొరియర్ చేత మనకి పంపాడు. అది చూపించినవాళ్ళతోనే వస్తాడట. సాయంత్రం ఫెర్రీ టెర్మినల్‌లో. అంతవరకూ ఎక్కడ దాక్కున్నాడో తెలీదు."

"దీన్ని మార్చేశారని మీ డౌటు."

"లోలాకు ఫొటో ముందే లీకైంది. ఇది నకిలీ అయితే అసలుది వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఇంజనీరు తనంతట తానే వెళ్ళి పులి నోట్లో తలపెడతాడు. చేసిందెవరో చెప్పు."

వెండి డాక్టర్ భూతద్దం కంటికి బిగించాడు. నూరేళ్ళ కిందటి కంసాలి ముద్ర సరిగ్గా ఉంది. కొక్కెం అరుగుదల, సందుల్లో నలుపు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంచు దగ్గర అతని చెయ్యి ఆగింది.

అంచు చుట్టూ రెండు సన్నని తీగలు కలిపి తాడులా మెలిపెట్టారు. ఆ కంసాలి సొమ్ములు అతను చాలా బాగుచేశాడు. అన్నిటిలోనూ మెలిక కుడికి వాలుతుంది. ఇది ఎడమకు వాలింది.

అది పుర్రచేతి వాటం. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. ఆ చెయ్యి గల మనిషి పుడకల దాకా వెళ్ళిందని డిపార్ట్‌మెంటే అతనికి కబురు చెప్పింది.

"నకిలీ," అన్నాడు.

"ఎవరి పని?"

అతను ఎదుటి ఖాళీ స్టూలు వైపు చూశాడు. నోరు మూసుకుంటే ఆవిడ తప్పించుకుంటుంది, ఇంజనీరు పోతాడు.

"మా ఆవిడ పని."

"నీకు పెళ్ళెక్కడ అయిందయ్యా! ఆవిడా ఏజెంటే, ఆ కాపురం కవర్."

"ఆరేళ్ళు ఆ స్టూలు మీదే కూర్చుందండి."

ఫెర్రీ టెర్మినల్‌లో వెండి డాక్టర్ టికెట్ కలెక్టర్ యూనిఫాంలో, అతికించిన మీసంతో నిలబడ్డాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో బాబాయ్ గుసగుసలాడాడు. "టార్గెట్ కనిపించిందా?"

కనిపించింది. ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, తెచ్చిపెట్టుకున్న జుట్టు. పక్కనున్న ఇంజనీరు రెండు లోలాకులనూ అరచేతిలో పెట్టుకుని తృప్తిగా చూసుకుంటున్నాడు. ఆఖరి సైరన్ మోగింది.

"టికెట్లు ప్లీజ్."

మీసం ఎంత పెద్దదైనా గొంతు దాగదు. ఆవిడ నిలబడిపోయింది.

ఏజెంట్లందరి కళ్ళూ ఆవిడ కుడిచేతిలోని హ్యాండ్‌బ్యాగ్ మీదే ఉన్నాయి. వెండి డాక్టర్ ఒక్కడే ఎడమచెయ్యి చూస్తున్నాడు. అందులోని లిప్‌స్టిక్ పిస్టల్ ఇంజనీరు పక్కటెముకల వైపు తిరగ్గానే ఆ మణికట్టు పట్టి పైకెత్తాడు. గుండు పైకప్పు రేకులో దూరింది. టికెట్ పంచ్‌లోని మత్తుసూది ఆవిడ చేతిలో దిగింది. ఇంజనీరు అక్కడే చతికిలబడ్డాడు.

"మెలిక ఎడమకి తిప్పావు," అన్నాడతను.

"నువ్వు పోయావని చెప్పారు డిపార్ట్‌మెంట్ వాళ్ళు." ఆవిడ మాట తడబడుతోంది. "ఇంకెవరు చూస్తార్లే అనుకున్నా. ఉన్నావని తెలిస్తే కుడికే తిప్పేదాన్ని."

"నాకూ అదే చెప్పారు, నువ్వు పోయావని."

సంకెళ్ళు పడుతుంటే ఆవిడ మళ్ళీ కళ్ళు తెరిచింది. నలుగురిలో ఉన్నప్పుడు కవర్ కోసం పిలిచే పిలుపే పిలిచింది. "ఏమండీ, షట్టర్‌కి నూనె పెట్టించారా?"

"లేదు."

"ఆరేళ్ళు చెప్పాను..." అంటూ ఒరిగిపోయింది. వాళ్ళు ఆవిడని తీసుకుపోయారు. అతను పట్టుకున్న మణికట్టు వెచ్చదనం ఇంకా అతని చేతిలోనే ఉంది. ఏడవడానికి ఆ యూనిఫాంలో వీలు లేదు. ఎవరో వచ్చి తరవాతి ఫెర్రీ ఎప్పుడని అడిగారు.

అసలు జత ఇంజనీరు దగ్గరే ఉండిపోయింది. బాబాయ్ ఎంతో సంతోషించి ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఆ నకిలీ లోలాకు ఇప్పించండి."

"అదెందుకయ్యా? చెల్లని సరుకు."

"ఉత్తుత్తి కాపురానికి అసలు సొమ్ము దేనికండీ," అన్నాడు వెండి డాక్టర్.