ఏసోబు మేస్త్రి రెండో సాక్ష్యం

పొద్దున్నే ఆరింటికి పెర్సిస్ పెరట్లో గొంతుక్కూర్చుని కుండ మూత తీసింది. పెద్ద కుండలో చిన్న కుండ, రెండింటి మధ్య తడి ఇసుక, చిన్న కుండలో ఇన్సులిన్ సీసా. ఇంట్లో ఫ్రిజ్జు లేని లోటును ఆ జంట కుండలే తీరుస్తున్నాయి. ఇసుక మీద చెంబుడు నీళ్ళు పోయడం తల్లి మార్తమ్మ పని. సూది వేసుకోవడం కూతురి పని. ఈ రెండూ సరిగ్గా జరిగాయో లేదోనని వసారాలో నిలబడి చూడడం తండ్రి ఏసోబు పని.

"ఎన్ని యూనిట్లు?" అని అడిగాడు.

"పద్నాలుగు నాన్నా."

"నిన్న?"

"నిన్నా పద్నాలుగే."

తప్పు పట్టడానికేమీ దొరక్క ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేపల యార్డుకి బయల్దేరాడు. పెర్సిస్ పుస్తకాలు సర్దుకుని ఏలూరు బస్సుకి నడిచింది. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. పన్నెండో ఏట పట్టుకున్న షుగరు అప్పట్నుంచీ వెంటే ఉంది.

కొల్లేటి చుట్టుపక్కల ఏసోబు మేస్త్రి పేరు తెలియని చేపల వ్యాపారి లేడు. ఆయన చేత్తో ఐసు కొట్టి సర్దిన బొచ్చె చేపలు లారీలో హౌరా దాకా వెళ్ళినా అప్పుడే పట్టినట్టుంటాయని చెప్పుకుంటారు. ఆయనకు మాట ఒక్కటే, కోపం మాత్రం రెండు పాళ్ళు. కూతురంటే ప్రాణం. కానీ మూడేళ్ళుగా ఆ ఇంట్లో పంచదారా బెల్లమూ గూట్లో పెట్టి తాళం వేసి ఉంటున్నాయి. తాళంచెవి మార్తమ్మ బొడ్లో ఉంటుంది. ఎవరైనా వచ్చి టీ పెట్టాల్సి వస్తే ఆవిడ బొడ్డు తడుముకోవాల్సిందే. ఆ తాళం చప్పుడు విన్నప్పుడల్లా పెర్సిస్ తల దించుకునేది.

మూడేళ్ళ కిందట, పెర్సిస్‌కి పదహారేళ్ళప్పుడు, మే నెలలో గాలివానకి స్తంభాలు పడిపోయి నాలుగు రోజులు కరెంటు లేదు. మందు సీసాలు అప్పట్లో యార్డు యజమాని సత్తిరాజు గారింట్లో ఫ్రిజ్జులో ఉండేవి. ఫ్రిజ్జు ఆగిపోయేసరికి ఏసోబు వాటిని తెచ్చి, థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి, లారీ చేపలకి చేసినట్టే పైన గుప్పెడు కల్లుప్పు చల్లి, మధ్యలో సీసాలు పాతేశాడు. కొల్లేటి చేపని కలకత్తా పంపేవాణ్ణి, బుల్లి సీసాని కాపాడలేనా అని అందరితో అన్నాడు.

తరవాత వారం తిరక్కుండానే పెర్సిస్ ఒళ్ళు తెలియకుండా పడిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో మూడు రోజులు కన్ను తెరవలేదు. పిల్ల తీపి ఏమైనా తిందా అని అక్కడెవరో అడిగారు. ముందురోజే పక్కింట్లో పెళ్ళి, విస్తళ్ళలో లడ్డూలు. ఏసోబుకి ఇంకేం కావాలి? తినలేదని కూతురు ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. వాళ్ళ చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఏసోబు నిలబడ్డాడు. నా కూతురు తీపికి ఆశపడి, తిని, తినలేదని బొంకి చావు దాకా వెళ్ళింది, దేవుడు వెనక్కిచ్చాడు అని కళ్ళనీళ్ళతో చెప్పాడు. జనం దేవుణ్ణి స్తుతించారు. పదహారేళ్ళ పిల్ల ఆడవాళ్ళ వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఏలూరులో ఇంటర్ చదివేటప్పుడు నెట్ సెంటర్లో ఆమెకి ఒక గ్రూపు దొరికింది. షుగరున్న పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే గ్రూపు. రోజూ అందరూ ఆ రోజు షుగరు ఎంతో రాసి హాజరు పలకాలి. "నాది రెండొందల నలభై, ఎవరూ తిట్టకండి" అని ఒకరు రాస్తే, "తిట్టం, రాత్రి ఏం లాగించారో చెప్పండి" అని ఇంకొకరు. చింతలపూడి నుంచి ఆనంద్ పాల్ అనే రిటైరైన మాస్టారు రోజుకో జోకు పెట్టేవారు. దానికి ఎవరూ నవ్వలేదని మర్నాడు అలిగేవారు. పరీక్షల్లో పాసైన పిల్లలకి అభినందనలు, సూదంటే భయపడే పిల్లలకి బుజ్జగింపులు, ఆవకాయలో ఉప్పు ఎంతుండాలన్నదాని మీద నాలుగు రోజుల యుద్ధం. నవ్వుకుంటూనే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండేవారు.

ఒకసారి ఒంటరిగా ఉన్న సభ్యుడొకాయన షుగరు పడిపోయి ఇంట్లోనే పోయాడు. అప్పట్నుంచి వాళ్ళు నియమం పెట్టుకున్నారు. చెప్పకుండా రెండు రోజులు ఎవరైనా హాజరు పలక్కపోతే, దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళి చూసి రావాలి.

అక్కడ పెర్సిస్ పేరు కొల్లేటి అక్క. వయసెంతో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నెట్ సెంటరుకి వెళ్ళలేని రోజులుంటే ముందే చెప్పి ఉంచేది. జంట కుండల సంగతి అక్కడే నేర్చుకుంది. ఇంకో సంగతీ అక్కడే తెలిసింది. గడ్డకట్టిన ఇన్సులిన్ చచ్చిన మందుతో సమానం. కరిగాక చూడ్డానికి నీళ్ళలా బాగానే ఉంటుంది గానీ పని చేయదు. ఆ మాట ఆమె రెండుసార్లు చదివింది. తను నిజంగానే లడ్డూ తినలేదు. తండ్రి ఉప్పు చల్లి ఇంకా చల్లబరిచిన ఐసే మందుని గడ్డకట్టించి తనని ఆసుపత్రి పాలు చేసింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. రెండేళ్ళుగా చెప్పలేదు.

ఆ గురువారం సాయంత్రం ఏసోబు ముఖం గంటు పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఏలూరు వెళ్ళిన సత్తిరాజు గారు నెట్ సెంటర్లో మీ అమ్మాయి తెరకేసి చూసి ఒక్కతే నవ్వుకుంటోందని మాటవరసకి అన్నారట. ప్రత్యేక క్లాసులున్నాయని చెప్పి వారానికి మూడు రోజులు ఆలస్యంగా వస్తున్న పిల్ల. ఏడింటి బస్సు దిగి ఆమె గడపలో కాలు పెట్టగానే, క్లాసెలా జరిగిందని అడిగాడు. పెర్సిస్‌కి అర్థమైంది.

"క్లాసు కాదు నాన్నా. నెట్ సెంటరుకెళ్ళాను. నాలాగా షుగరున్నవాళ్ళు..."

"ముక్కూ మొహం తెలీనివాళ్ళు."

"తెలీనివాళ్ళు కాదు. నా స్నేహితులు."

"అప్పుడు లడ్డూ, ఇప్పుడు క్లాసులు. నీ నోట నిజం ఎప్పుడొస్తుందే?"

మార్తమ్మ అడ్డం రాబోయింది. ఏవండీ, పిల్ల ఇప్పుడే వచ్చింది, అన్నం తిననివ్వండి అంది. ఆయన వినిపించుకోలేదు.

"క్లాసుల సంగతి అబద్ధమే, ఒప్పుకుంటాను. లడ్డూ మాత్రం తినలేదు నాన్నా," అంది పెర్సిస్.

"మరి షుగరెందుకు అంత పెరిగింది? చెప్పు."

పెర్సిస్ నోరు తెరిచింది. తండ్రి చేతులు కనిపించాయి. ముప్పై ఏళ్ళుగా ఐసులో నాని తెల్లగా ముడతలు పడ్డ వేళ్ళు. నోరు మూసుకుంది.

జవాబు లేదు కాబట్టి తప్పు ఉన్నట్టే లెక్క. రేపట్నుంచి ఏలూరూ లేదు, కాలేజీ లేదు, ఆ నవ్వులూ లేవని ఏసోబు తేల్చి చెప్పేశాడు. శుక్రవారం పెర్సిస్ ఇల్లు కదల్లేదు. శనివారమూ కదల్లేదు. తనకి తనే సూది వేసుకుంది, ఇసుక మీద నీళ్ళూ తనే పోసింది.

ఆదివారం పొద్దున్న చర్చికి తయారవుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. నలభై ఏళ్ళ ఆవిడ, పిలకా గొడుగూ ఉన్న పంతులు గారు, రెండు జడలతో ఏడేళ్ళ పిల్ల దిగారు.

"కొల్లేటి అక్కగారి ఇల్లు ఇదేనాండీ?" అని అడిగింది ఆవిడ. "ఊరి పేరు ఆవిడే ఒకసారి రాశారు. షుగరున్నవాళ్ళ ఇల్లేదని అడిగితే ఇదే చూపించారు."

అక్కలెవరూ లేరమ్మగారూ, మాకున్నది ఒక్కతే కూతురు అన్నాడు ఏసోబు. అంతలో పెర్సిస్ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ఆమెని కింద నుంచి మీద దాకా చూసి అక్కడే నిలబడిపోయింది.

"నువ్వా అక్కవి? నలభై, నలభై అయిదేళ్ళుంటాయనుకున్నాను తల్లీ. ఒంట్లో బాగానే ఉందా?"

ఆవిడ తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రాజరాజేశ్వరి. పంతులు గారు ఆవిడ భర్త సుబ్బరామయ్య, పిల్ల పేరు బిందు. గురువారం సాయంత్రం తరవాత కొల్లేటి అక్క హాజరు పలకలేదు. నియమం ప్రకారం దగ్గర్లో ఉన్నవాళ్ళం మేమే, రాత్రంతా నిద్ర పట్టక తొలి బస్సుకే బయల్దేరాం అంది. గూడెం నుంచి బస్సు, ఉంగుటూరు దగ్గర ఇంకో బస్సు, ఆ పైన ఆటో. మార్తమ్మ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పంతులు గారి వాళ్ళకి ఇవ్వాలా వద్దా అని తటపటాయించింది. రాజరాజేశ్వరే చెయ్యి చాచి అందుకుని గటగటా తాగేసి, టీ కూడా ఇస్తే బావుంటుందండీ అంది. మార్తమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి గూడు దగ్గరకెళ్ళింది.

బిందు పెర్సిస్ చెయ్యి పట్టుకుని జంట కుండలు చూడ్డానికి పెరట్లోకి లాక్కుపోయింది. వసారాలో కూర్చున్నాక రాజరాజేశ్వరి ఏసోబుతో చెప్పడం మొదలుపెట్టింది. పోయిన నెల తిరుపతి వెళ్ళొచ్చాక బిందుకి ఎంత మందిచ్చినా షుగరు దిగలేదు. గ్రూపులో రాస్తే తలో మాటా చెప్పారు. కొల్లేటి అక్క ఒక్కతే, సీసా ప్రయాణంలో ఎక్కడ పెట్టారు అని అడిగింది. ఫ్లాస్కులో, ఐసు ముక్కల మధ్య. వెంటనే ఆ సీసా పారేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తమంది. డాక్టరూ అదే అన్నారు. కొత్త సీసాతో రెండో రోజుకి పిల్ల లేచి కూర్చుంది.

"ఈ పిల్ల మాకు మిగిలిందంటే మీ అమ్మాయి చలవేనండీ, అన్నయ్యగారూ," అంది రాజరాజేశ్వరి. "మీ ఇంట్లోనూ ఇలాగే జరిగిందట కదా. చేపల ఐసులో పెడితే సీసా గడ్డకట్టి, తను మూడు రోజులు ఒళ్ళు తెలీకుండా పడిపోయిందట."

ఏసోబు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఐసులో ఎవరు పెట్టారని ఎవరో అడిగారండీ గ్రూపులో. 'నన్ను ప్రాణంగా చూసుకునేవాళ్ళే పెట్టారు, వాళ్ళకి తెలీదు, తెలియక్కర్లేదు' అని రాసింది."

ఏసోబు పంతులు గారి వైపు తిరిగాడు.

"గడ్డకట్టిన మందు కరిగాక మళ్ళీ పనికి రాదాండీ?"

రాదండీ అని సుబ్బరామయ్య గారు మెల్లగా అన్నారు. ఆ ఇంటి సంగతి ఆయనకి అప్పటికి సగం అర్థమైంది.

ఏసోబు లేచి పెరట్లోకి వెళ్ళాడు. బిందుని మార్తమ్మ లోపలికి పిలుచుకుపోయింది. కుండల దగ్గర కూతురు ఒక్కతే ఉంది. ఆయన పక్కన కూలబడి తడి ఇసుక మీద చెయ్యి పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"రెండేళ్ళయింది నాన్నా."

"చర్చిలో అందరి ముందూ నిన్ను అంత మాటన్నానే. ఎందుకు చెప్పలేదు?"

పెర్సిస్ ఆయన వేళ్ళకేసి చూసింది.

"చెప్తే నువ్వు మళ్ళీ ఐసు ముట్టుకోగలవా?"

ఏసోబు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తండ్రి ఏడవడం పెర్సిస్ అదే మొదటిసారి ఇంత దగ్గరగా చూడడం. ఆసుపత్రిలో ఏడ్చాడంటారు గానీ అప్పుడు తనకి స్పృహ లేదు.

ఆ రోజు చర్చికి ఆలస్యంగా వెళ్ళారు. పంతులు గారి కుటుంబం కూడా వాళ్ళ వెంటే వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. సాక్ష్యాల వేళ ఏసోబు లేచి ముందుకెళ్ళాడు.

"మూడేళ్ళ కిందట ఇక్కడే నిలబడి మీ అందరికీ సాక్ష్యం చెప్పాను. అది అబద్ధ సాక్ష్యం," అన్నాడు. "నా కూతురు లడ్డూ తినలేదు. మందు పాడుచేసింది నేను. నాకు తెలీని పనిని తెలిసినట్టు చేశాను. నింద ఆ పిల్ల మీద వేశాను. నిజం తెలిశాక కూడా, నా చేతి పని మీద నాకున్న గౌరవం పోకూడదని నోరు మూసుకుని నా నింద మోసింది. ఇవాళ తాడేపల్లిగూడెంలో ఒక పసిపిల్ల బతికుందంటే నా కూతురి తెలివి వల్ల. అదిగో, ఆ పాప వెనక కూర్చుంది."

అందరూ వెనక్కి తిరిగారు. బిందు అలవాటు లేని అంతమంది చూపులకి సిగ్గుపడి తండ్రి కండువాలో ముఖం దాచుకుంది. ఆడవాళ్ళ వరసలో పెర్సిస్ ఈసారి తల దించుకోలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. కారనిచ్చింది. పక్కన మార్తమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి కూతురి అరచేతిలో పెట్టి మూసింది.

సోమవారం ఏసోబు యార్డుకి సెలవు చెప్పి కూతురితో బాటు ఏలూరు బస్సెక్కాడు. కాలేజీ అయ్యేదాకా గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని, తరవాత ఆమె వెంట నెట్ సెంటరుకి నడిచాడు. ఇరుకు గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద ఒదిగి కూర్చుని తెరకేసి చూశాడు. మూడు రోజుల్లో కొల్లేటి అక్క కోసం నలభై ఏడు సందేశాలొచ్చాయి. ఆమె ఒక్కొక్కటే చదివి వినిపించింది. అక్క రాకపోతే జోకులు మానేస్తానని ఆనంద్ పాల్ మాస్టారు బెదిరించారు. నిన్న రాత్రి రాజరాజేశ్వరి రాసినది చివర ఉంది. అక్క క్షేమం, పందొమ్మిదేళ్ళ అక్క, నేను కళ్ళారా చూశాను.

ఏసోబు అన్నీ విన్నాడు. స్టూలు తెరకి దగ్గరగా జరుపుకున్నాడు.

"ప్రయాణాల్లో మందు ఎలా సర్దాలో నేను చెప్తాను, రాస్తావా? ఐసు అడుగున వేసి, పైన జానెడు ఎత్తు వరి ఊక పోసి, గుడ్డలో చుట్టిన సీసా ఊక మీద పెట్టాలి. ఐసు సీసాకి తగలకూడదు. తప్పు చేసినవాడు చెప్తున్నాడని కూడా రాయి."

"సరే నాన్నా. డాక్టరు గార్ని కూడా ఒకసారి అడిగి రాద్దాం."

"అడుగు. అడక్కుండా చేసే నేను అంత పని చేశాను." మళ్ళీ తనే అడిగాడు. "ఇందులో నన్ను కూడా చేర్చుకుంటారా?"

పెర్సిస్ నవ్వి కొత్త సభ్యుల పేజీ తెరిచింది. మొదటి గడిలో పేరు రాయాలి.

"ఏం రాయమంటావు? ఏసోబు మేస్త్రి అనా?"

ముప్పై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు అది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పెర్సిస్ వాళ్ళ నాన్న అని రాయమ్మా."