హోబార్ట్ రేవులో చివరి చుక్క

హోబార్ట్ రేవులో స్కాలప్ అనే గుల్లమాంసం కూరిన రొట్టె సగం తిన్న ప్రొఫెసర్ యూవెన్ ట్రెగియర్ బల్ల మీదికి వాలిపోయాడు. మెడలో సన్నటి విషపు సూది. పక్కనున్న ఐస్ పెట్టె మాయం.

"పెట్టెలో ఏముంది బాస్?" అడిగింది ఏజెంట్ డెల్. గొంతులో ఏడుపు లేదు. చనిపోయింది ఆమె భర్తే.

"చేపల నుంచి మనుషులకు ఎక్కగల వైరస్ ఆర్ఎన్ఏ. ఒక్క చుక్క," అన్నాడు చీఫ్ మోఫట్. "మిగతాదంతా మీ ఆయన కాల్చేశాడు. ఆ చుక్క బతికున్న కణంలోకి దూరితే చాలు, కణం అదే తన పనిపత్రం అనుకుని వైరస్‌లు తయారుచేస్తుంది. దాన్ని కొట్టేసిన ముఠా బోటు మధ్యాహ్నం బయల్దేరుతుంది. అప్పటిదాకా పెట్టె రేవులోని స్కాలప్ షెడ్డులో ఉంటుందని కబురు."

"సూది ఎవరిది?"

"ఒడీల్‌ది."

ఒడీల్ అందగత్తె. మన జీతమూ ముఠా జీతమూ ఒకేసారి తీసుకున్న ఏజెంటు. డెల్ పెళ్లిలో పక్కన నిలబడి పూలగుత్తి పట్టుకున్నదీ ఆమే.

"ప్రాణాలతో పట్టుకురా."

"మాటివ్వలేను బాస్."

తెల్లకోటు, తలకు నెట్, రబ్బరు గ్లవ్స్. శుభ్రత ఇన్‌స్పెక్టర్ వేషంలో డెల్ షెడ్డులో అడుగుపెట్టింది.

"మూడో చలిగది ఎవరూ తెరవలేదు తల్లీ. పొద్దున్నే కడిగి మూసేశాం," అన్నాడు సూపర్‌వైజర్.

డెల్ ఆ తలుపు పిడిని దూదితో తుడిచి మీటర్‌లో పెట్టింది. బతికున్న ప్రతి కణమూ ఏటీపీ అనే అణువును విరిచి శక్తి వాడుకుంటుంది, మళ్లీ అతికించి నింపుకుంటుంది. చెయ్యి పడిన చోట దాని జాడ మిగులుతుంది. మీటర్‌లో ఉన్న మిణుగురు పురుగు ఎంజైమ్ తగిలితే ఆ జాడ వెలుగుతుంది.

మీటర్ వెలిగిపోయింది.

"మరి వేలిజాడ దయ్యానిదా అన్నా?" అంటూ లోపలికి దూరింది.

పెట్టె కనబడింది. వెనకే సెంటు వాసన, పిస్తోలు.

"గ్లవ్స్ తీసెయ్ డార్లింగ్," నవ్వింది ఒడీల్. "బ్లేడు దాచేది అక్కడేగా, మనిద్దరం కలిసే నేర్చుకున్నాం. ఇప్పుడు పెట్టె నువ్వే తెరువు. మీ ఆయన ఏ ఉచ్చు పెట్టాడో నాకేం తెలుసు!"

డెల్ గ్లవ్స్ తీసేసింది. ఇంట్లో యూవెన్ రోజూ పెట్టే పోరు గుర్తొచ్చింది. డీఎన్ఏ రెండు పేటల తాడు, గట్టిది. ఆర్ఎన్ఏ ఒంటిపోగు. వట్టి వేళ్లు తగిలితే చెమటలోని ఎంజైమ్ దాన్ని తునకలు చేసేస్తుంది.

పెట్టె తెరిచి, అందులోని చిన్న గొట్టాన్ని గుప్పిట్లో బిగించింది. గడ్డకట్టిన చుక్క కరిగింది.

"ఏం చేస్తున్నావ్?"

"కారిపోయిందేమో చూడొద్దా? ఖాళీ గొట్టం మోసుకెళ్తావా?" మూత తీసి, లోపలి అంచు వెంట వేలు తిప్పి, ఒక్కసారి ఊపి మూసింది. "నిక్షేపంగా ఉంది. తీసుకో."

"తూటా వేస్తే షెడ్డంతా వస్తుంది. చలి చప్పుడు చెయ్యదులే," అని ఒడీల్ బయటినుంచి గడియ పెట్టి వెళ్లిపోయింది.

సూపర్‌వైజర్ వచ్చి తలుపు తీసేసరికి డెల్ ఒంట్లోని ఏటీపీ అంతా వణుకుకే ఖర్చవుతోంది. ఫోన్‌లో మోఫట్ అరుస్తున్నాడు.

"బోటు మన సముద్రపు హద్దు దాటుతోంది! ఆపించనా?"

"ఆపితే ఆ ద్రోహికి లాయరు, జైల్లో మూడు పూటలా తిండి. పోనివ్వండి బాస్."

"ఆ చుక్క?"

"చచ్చింది. వాళ్ల సైంటిస్టు ఎన్ని కణాల్లో పోసినా ఏమీ పుట్టదు."

"మరి ఒడీల్?"

"ఆ ముఠా పాడైన సరుకును వెనక్కి పంపదు బాస్. తెచ్చినవాళ్లనే పైకి పంపిస్తుంది."