కరివేపాకు దుప్పటి

గురువారం మధ్యాహ్నం జాయ్సీ పెరట్లో కూర్చుని తన టమాటా మొక్కకి పాత బెడ్‌షీటు చుడుతోంది. మొక్క ఉన్నది ఎవరో పారేసిన స్నానాల టబ్బులో. అమ్మ సుజిత దాన్నిండా మట్టి పోయించింది. సౌదీ అంటే ఎండే అనుకునేవాళ్ళు జనవరిలో ఒకసారి తబూక్ రావాలి. ఇక్కడ టబ్బూ గడ్డకడుతుంది, బుగ్గా గడ్డకడుతుంది. పళ్ళు తాళం వేస్తాయి, నోటికి తాళం పడుతుంది.

జాయ్సీకి లెక్కల్లో సున్నా అంటే భయం. ఆ రోజు కాంపౌండులో ఎనిమిది ఇళ్ళకీ సున్నా అంటే భయమే. రాత్రికి మైనస్ మూడట.

పక్కింటి జ్ఞానమణి ఆంటీ డ్యూటీ బ్యాగుతో వచ్చింది. ఆవిడా, అమ్మా ఒకే హాస్పిటల్లో నర్సులు. ఆంటీ చేతిలో మందపాటి గళ్ళ దుప్పటి ఉంది.

"ఏవే, నాకు నైట్ డ్యూటీ. నా కరివేపాకుకి ఇది కప్పెయ్యాలి. చుట్టూ నాలుగు కర్రలు పాతేను. ఆకుకి గుడ్డ తగలనివ్వకు, అంచుల మీద ఇటుకలు పెట్టు. ఎండ పోయేలోపే, తెలిసిందా?"

"అలాగే ఆంటీ, తప్పకుండా కప్పుతా."

పనికిరాని మనిషిని కూరలో కరివేపాకులా తీసిపారేశారంటాం. ఆ కాంపౌండులో మాత్రం కరివేపాకుని ఎవరూ తీసిపారేయరు, నమిలి మింగుతారు. ఆంటీ నరసాపురం నుంచి రుమాల్లో కట్టి తెచ్చిన గింజలు మూడు. మొలిచింది ఒకటి. ఆరేళ్ళకి అది జాయ్సీ భుజం దాకా వచ్చింది. ఏ ఇంట్లో చారు కాచినా రెబ్బ అక్కణ్ణుంచే.

ఇంతలో అమ్మ పిలిచింది. "జాయ్సీ, బట్టలు మడతపెట్టు. వెల్లుల్లి ఒలువు. బకెట్లు నింపు, రాత్రికి పైపులు గడ్డకడితే పొద్దున నీళ్ళుండవు."

బట్టలు మడతపడ్డాయి గానీ పని మడతపడలేదు. జాయ్సీ మళ్ళీ పెరట్లోకి వచ్చేసరికి ఎండ గోడ అంచుకి ఎక్కేసింది. టమాటా మీది బెడ్‌షీటు పల్చగా ఉంది, అవతల వెలుగు కనిపిస్తోంది. ఆదివారం స్కూల్లో అందరూ తాము పెంచిన మొక్కల ఫొటోలు చూపించాలి. ఈ మొక్కకి ఒక ఎర్ర కాయ, రెండు పచ్చి కాయలు ఉన్నాయి.

'కరివేపాకుకి ఆరేళ్ళు. నా టమాటాకి మూడు నెలలు. పెద్దవాళ్ళే సర్దుకోవాలి' అనుకుంది జాయ్సీ. మందపాటి దుప్పటి టమాటా మీదికి వెళ్ళింది. పొద్దున్నే తీసి కరివేపాకు మీద వేసేస్తే ఎవరికీ తెలియదు.

పొద్దున లేవడం ఆలస్యమైంది. టమాటా మీంచి దుప్పటి లాగేసరికి గేటు దగ్గర హాస్పిటల్ బస్సు ఆగింది. జాయ్సీ దుప్పటిని చుట్టచుట్టి లోపలికి పరిగెత్తి మంచం కిందికి తోసేసింది.

కరివేపాకు ఆకులన్నీ నల్లగా, ఉడికించినట్టు వేలాడుతున్నాయి. బస్సు దిగి వచ్చిన ఆంటీ ఒక రెబ్బ పట్టుకుని చూసింది.

"కప్పావా?"

"కప్పాను."

"మరి దుప్పటేదే?"

"తెలీదాంటీ. రాత్రెవరో తీసేసినట్టున్నారు."

ఆంటీ చూపు గేటు పక్క గదివైపు వెళ్ళింది. అది ముసలి వాచ్‌మన్ ఇనాయతుల్లా గది. అందులో హీటర్ లేదు. ఆంటీ వెళ్ళి అడిగింది. తాను తియ్యలేదని ఆయన ఉర్దూలో చెప్పాడు.

"అడిగితే ఇచ్చేదాన్నిగా," అంది ఆంటీ వెనక్కి వస్తూ. ఆ మాట పైకే అంది. మధ్యాహ్నానికి అది ఎనిమిది ఇళ్ళకీ పాకింది.

ప్రతి శుక్రవారం ఆయనకి ఆంటీ ఇంటినుంచి వెళ్ళే కోడికూర పళ్ళెం ఆ రోజు వెళ్ళలేదు. పిల్లల్ని ఆ గది వైపు పోవద్దన్నారు. ఆయన సలాం చేస్తే జనం ఫోన్లు చూసుకున్నారు. ఆదివారం స్కూల్లో టీచర్ జాయ్సీ ఫొటోని బోర్డుకి అతికించింది. టమాటా నిలబడింది. మాటే పడిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఆంటీ, అమ్మ వంటింట్లో ఉన్నారు.

"రేపు ముదీర్ ఆఫీసుకి వెళ్తున్నా," అంది ఆంటీ. కాంపౌండు మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. "వేరే వాచ్‌మన్‌ని పెట్టమంటా."

"ముదీర్‌కి చెప్తే ఆయన్ని పంపించేస్తాడేమో అక్కా. ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"దొంగని గేటు దగ్గర పెట్టుకుని నిద్రపోమంటావా?"

వెల్లుల్లి ఒలుస్తున్న జాయ్సీ లేచి వెళ్ళింది. మంచం కింద దూరి, దుప్పటి తెచ్చి ఆంటీ ముందు పెట్టింది.

"నేనే ఆంటీ. టమాటాకి కప్పుకున్నాను. ఇన్నాళ్ళూ ఇక్కడే దాచాను."

అమ్మ కొట్టలేదు. కొట్టినా బావుండేది. ఆంటీ దుప్పటిని ముట్టుకోలేదు.

"మొక్క పోతే పోయిందే. ఐదు రోజులు ఆ మనిషి మొహం చూడలేదు నేను. పద."

ముగ్గురూ గేటు దగ్గరికి వెళ్ళారు. జాయ్సీ తనకొచ్చిన ఉర్దూలో అంతా చెప్పింది.

"మాఫ్ కరో భాయ్," అంది ఆంటీ.

ఇనాయతుల్లా నవ్వలేదు. పర్వాలేదు అనలేదు. జాయ్సీని చూసి, మెల్లగా అడిగాడు, "ఇక్కడ నీకు తెలుసు, వీళ్ళకి తెలుసు. మిగతా ఆరు ఇళ్ళకి ఎవరు చెప్తారు బేటీ?"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"నేను చెప్పనా?" అంది అమ్మ.

"వద్దు. నేనే చెప్తా."

మొదటి ఇంట్లో ఆయేషా ఆంటీ, "ఓహో, అసలు దొంగవి నువ్వేనా?" అని నవ్వింది. జాయ్సీ నవ్వలేదు. రెండో ఇంట్లో జేమ్స్ వాళ్ళమ్మ అంతా విని, జేమ్స్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. మూడో ఇంట్లో ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పింది.

మెట్ల మీదినుంచి చూస్తే పెరడు కనిపిస్తోంది. ఎండ గోడ దాటింది. ఈ రాత్రికి మైనస్ నాలుగట. టబ్బులో టమాటా బోసిగా ఉంది, ఎర్ర కాయ ఇక్కడికీ కనిపిస్తోంది. కిందికి దిగి కప్పి రావడానికి పది నిమిషాలు చాలు. కానీ ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కబుద్ధి కాదని జాయ్సీకి తెలుసు.

ఇంకా మూడు ఇళ్ళున్నాయి. ఆమె నాలుగో ఇంటి బెల్లు నొక్కి, తలుపు తీసేదాకా నిలబడింది.