దొరల మేడలో అద్దం

వాట్‌గంజ్‌లో ఆ దొరల మేడ ముందునుంచి పొద్దువాలాక ఎవరూ నడవరు. పై గది అద్దంలో, గదిలో లేని మనుషులు కనిపిస్తారని పేరు. నా పిల్లల్ని చుట్టుదారినే బడికి పంపేదాన్ని. నమ్మి కాదు... బెంగాలీల దేశం, ఊరు కాని ఊరు, ఎందుకొచ్చిన గొడవ అని.

మా పక్కింటి సన్యాసమ్మకి భయపడే వీలు లేదు. శ్రీకాకుళంనుంచి వచ్చి నాలుగు నెలలు. మేడ అమ్మకానికి పెట్టారు, అద్దం తుడవడానికి రమ్మన్నారు. ఆమె చెప్పిందే చెబుతున్నాను.

చలి కాచుకునే పొయ్యి గూటికి పైన, గోడకి బిగించిన ఇంగ్లీషు అద్దం అది. చట్రం నిండా చెక్కుడు పని — ద్రాక్షగుత్తులు, వాటిని పొడిచే పిట్టలు, పక్కల బొమ్మలు పెట్టుకునే చిన్న చిన్న అరలు.

"తిన్న పళ్లు చాల్లేదప్పా దొరలకి, గోడకీ చెక్కించుకున్నారు," అనేది నాతో. 'అప్ప' అంటే వాళ్ల వైపు అక్క.

అద్దం ఎంత ఎత్తున ఉందంటే, అందులో ఆమెకే మెడ పైభాగం మాత్రం కనిపించేది.

ఆ సాయంత్రం లోడ్‌షెడ్డింగ్. కిటికీలో కాస్త వెలుతురు మిగిలుంది. తుడుస్తూ తుడుస్తూ చూసింది —

తన చెంప పక్కనే, కూతురు భానుమతి మొహం.

ఏడేళ్ల పిల్ల. జ్వరంతో ఇంట్లో పడుకునుంది, నేనే కాపలా.

"ఏటే, జొరంతో ఇలగొచ్చేసినావేటి?"

"ఆస్‌ఛి, అమ్మా..." మెల్లగా అంది పిల్ల. వీధిలో నేర్చిన బెంగాలీ.

సన్యాసమ్మ వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు.

మెట్ల మీద ఉందేమో అనుకుంది. చీకట్లో గది గదీ వెతికింది. అరగంట...

ఆ అరగంటలోనే, నా ఒళ్లో, భానుమతి పోయింది. తిన్నగా ఇంటికొచ్చుంటే తల్లికి కడచూపు దక్కేది.

మూడోనాడు సన్యాసమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అప్పా, నీకు బెంగాలీ వొచ్చు గదా. ఆ మాటకి అర్థమేటి?"

"వస్తున్నానని."

"అదే. వొస్తానన్నాది."

అద్దాన్ని కొన్నవాళ్లు పట్టుకుపోయారు. అయినా రోజూ పొద్దువాలేసరికి వెళ్లి, ఆ బోడిగోడ ముందు కూర్చుంటుంది. మొగుడు కూర్మయ్య వెళ్లి లేవదీసుకొస్తాడు.

నేను అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాను. గడప దాటేటప్పుడు మనం 'వెళ్లొస్తా' అంటాం. ఈ బెంగాలీలు ఆ 'వెళ్లి' కూడా పలకరు.

పోయేవాళ్లు కూడా 'ఆస్‌ఛి' అనే అంటారు.