బెంచీ చివర చోటు

షిఫ్టు మొదలవగానే మేఖల డేరాలోకి వెలుతురుతో చేసిన జనాన్ని వదిలింది. ముందు కుటుంబాలు, తరువాత ఆఫీసు గుంపులు, ఆ వెనక పొద్దున్నే ఎక్కడో తాగి వచ్చిన కుర్రాళ్ళు. అందరినీ ఒక్కసారే వదిలితే తలుపు దగ్గర ఒకరిలోంచి ఒకరు నడిచిపోతారు, యాత్రికులకు అనుమానం వస్తుంది. అందుకే కొద్దికొద్దిగా వదులుతూ, గంధపేటికలో కాల్చిన కోడి వాసన ఒక మెట్టు తగ్గించి, తడిసిన చెక్క వాసన ఒక మెట్టు పెంచింది. బ్యాండు మేళంలో పెద్ద బాకా మధ్యమధ్య అపశ్రుతి పలికేలా సర్దింది. మరీ శ్రుతిగా ఉంటే ఎవరూ నమ్మరు.

విశాఖ కేంద్రంలో మ్యూనిక్ బీరు ఉత్సవానికి పూర్వయాత్రలు కట్టడంలో మేఖలను మించినవాళ్ళు లేరు. ఆమె మ్యూనిక్ చూడలేదు. ఆమె పుట్టేనాటికే ఆకాశమూత పడింది, కోటా లేనిదే ఎవరూ విమానం ఎక్కడానికి లేదు. అయినా లీటరు గాజు గ్లాసు ఎత్తితే మణికట్టులో ఎక్కడ నొప్పి పుడుతుందో, రెండో పాటకి ఏ బల్లవాళ్ళు బెంచీలెక్కి ఊగుతారో ఆమెకు కొట్టిన పిండి. అదే ఆమె ప్రారబ్ధం.

ఎందుకంటే కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న నియమం ఒక్కటే. విమానం ఎక్కాలనుకున్నవాళ్ళు ముందు కేంద్రంలోనే, అచ్చం ఆ ఊరిలా కట్టిన పూర్వయాత్ర చెయ్యాలి. అది పూర్తయ్యాక తృప్తిమాపకంలో గీత దాటితే కోరిక తీరినట్టే లెక్క, నిజయానం రద్దు. దాటకపోతే విమానం. ఎవరికి వాళ్ళు పళ్ళు బిగించుకుని వస్తారు, మనం పొంగిపోకూడదు అనుకుంటారు. డేరాలో అడుగుపెట్టి, మేళం విని, గ్లాసు చేతికి అందేసరికి పాపం ముఖం విప్పారిపోతుంది. మేఖల కట్టిన యాత్రల్లో గీత దాటనిది ఇంతవరకూ లేదు. కావాలని నాసిగా కడదామని ఒకటి రెండుసార్లు చూసింది. కేంద్రాన్ని నడిపే యంత్రం, నిర్ణాయకం, తప్పులన్నీ దిద్ది, ఆమెకే శిక్షణ తరగతి వేసింది. ఏటా ఇచ్చే ఉత్తమ రూపకర్త శాలువాలు బీరువాలో అడుగున పడి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆమె కప్పుకోలేదు.

ఇవాళ్టి యాత్రికురాలు పైల దమయంతి. భీమిలి దగ్గర చేపలు ఎండబెట్టే ఇల్లు, అరవై దాటిన మనిషి. నెల కిందట మొదటిసారి మేఖల ఎదుట కూర్చున్నప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నాకు బీరంటే పేనం తల్లీ."

"అలాగా. అందులో ఏం ఇష్టం?"

"బార్లీ మొలకెత్తించి, ఎండబెట్టి, హాప్ పువ్వులేసి కాస్తారు గదా. ఆ చేదు. ఆ నురగ."

"ఎప్పుడైనా తాగారా?"

"అబ్బే, ముక్కు దగ్గరెట్టుకుంటేనే కడుపులో తిప్పీస్తాది..." అని నాలుక కరుచుకుంది.

మేఖల గభాల్న శబ్దగ్రాహిణి మీట నొక్కి ఆపేసి, "ఆ మాట ఇంకెక్కడా అనకండి దమయంతమ్మ గారూ" అంది.

తరువాత సంగతి దానంతటదే బయటపడింది. బంధువులను చూడటానికి వెళ్ళే కోటా ఏనాడో ఎత్తేశారు. ఇంట్లో కూర్చుని చూపుతెరలో మాట్లాడుకోవచ్చు కదా అన్నారు. మిగిలింది ఉత్సవ కోటా ఒక్కటే. దమయంతి చెల్లెలు కస్తూరి మ్యూనిక్‌లో ఉంది. చదువుకోవడానికని వెళ్ళింది, చదువు పూర్తయ్యేలోపల ఆకాశమూత పడింది, అక్కడే ఉండిపోయింది. ఉత్సవం రోజుల్లో డేరాలో గ్లాసులు మోస్తుంది.

"అమ్మ పోయేసరికి అది పాలు తాగే పిల్ల. నానే పెంచినాను" అంది దమయంతి. "తెరలో మనిషి కనబడతాది తల్లీ. నవ్వుతాది, ఏడుస్తాది. తలకి నూని రాద్దామంటే ఎలగ? మొన్న సూస్తే దాని నెత్తి కూడా నెరిసిపోనాది. ఒక్కసారి ముట్టుకుని వచ్చీస్తాను. ఆ తరవాత నన్నేటి చేసుకున్నా ఫరవాలేదు."

ఇద్దరూ కూర్చుని యాత్రకు పథకం వేసుకున్నారు. దమయంతికి ఆ ఉత్సవం గురించి కేంద్రంలో ఉన్న నిపుణులకన్నా ఎక్కువ తెలుసు, అంతా చెల్లెలు చెప్పిందే. శని, ఆదివారాలు వద్దంది, జనం తొక్కేస్తారట. మంగళవారం పెట్టమంది. మధ్యాహ్నం లోపల డేరాలో పడిపోవాలంది.

"అక్కడ కూకోడానికి చోటు దొరక్కపోతే గ్లాసు చేతికివ్వరంట. ఎంత మొత్తుకున్నా నిలబడ్డోళ్ళకి పొయ్యరంట. అదేటో వాళ్ళ పద్ధతి."

రూపకర్తలు స్థలం గురించి అక్కడివాళ్ళను అడిగి తెలుసుకోవాలన్నది కేంద్రం పద్ధతి. మేఖల కస్తూరితోనే మాట్లాడింది. బెంచీల ఎత్తు, బల్ల వెడల్పు, ఒక్కో విడతకి ఎన్ని గ్లాసులు మోస్తారు, అన్నీ అడిగింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోక, మీ అక్క వస్తుందని అనుకుంటున్నారా అని అడిగింది.

"అనుకోడమేటి? ఏటా ఉత్సవం జరిగినన్ని రోజులూ నాకిచ్చిన బల్ల దగ్గర బెంచీ చివర తువ్వాలేసి ఉంచుతాను" అంది కస్తూరి. "మనకాడ బస్సు కిటికీలోంచి ఏసి సీటు పట్టీవోళ్ళం కాదా, అలగే. ఇక్కడోళ్ళకి అర్థం కాదు. డేరా పెద్దాయన తిడతాడు. పడతాను. అది వచ్చిననాడు చోటు లేదనకూడదు కదా. సాయంత్రం జనం మీద పడ్డాక ఇంక తీసీస్తాను."

మేఖల నవ్వింది. నవ్వుతూనే, ఈ మాటలు నిర్ణాయకం కూడా వింటోందని గుర్తొచ్చి మాట తెంపేసింది. మర్నాడు తెరిచి చూసేసరికి యాత్రలో కస్తూరి ఉంది. నెరిసిన జుట్టు, ఆ నవ్వు, ఆ యాస, బెంచీ చివర ఎర్రగళ్ళ తువ్వాలు, అన్నీ చేరిపోయాయి. మేఖల తుడిపేసింది. నిర్ణాయకం మళ్ళీ చేర్చింది. నాలుగుసార్లు తుడిపాక తుడిచే అధికారమే తీసేసింది.

దమయంతి ఇవాళ ఉతికిన నేతచీర కట్టుకుని, జోళ్ళు చేతిలో పట్టుకుని వచ్చింది. స్పర్శ తొడుగులు వేసుకుంటూ ధైర్యంగా మాట్లాడింది.

"నాకేం భయం లేదు తల్లీ. బీరంటే నాకెలాగూ అసయ్యమే కదా. ఇంక తృప్తెక్కడినించి వస్తాది?"

తలుపు దగ్గర మేఖల ఆగిపోయింది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"లోపల మీ చెల్లెలు ఉంటుంది."

దమయంతి ముఖంలో రక్తం ఒక్కసారి పొంగి, అంతలోనే ఇంకిపోయింది. "నిజంగానా?"

"నిజంగా కాదు."

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. ఆ గదిలో నిజమైనవి ఒక పొడవాటి బల్ల, రెండు బెంచీలు. తక్కినదంతా వెలుతురే. మేఖల అద్దం ఇవతల కూర్చుని మేళం మొదలుపెట్టింది.

జనం మధ్యలోంచి కస్తూరి వచ్చింది. రెండు చేతుల్లో పూలగుత్తుల్లా గ్లాసులు పట్టుకుని, అడ్డొచ్చిన కుర్రాణ్ణి మోచేత్తో నెట్టి, అక్కను చూసి అక్కడే ఆగిపోయింది.

"ఒచ్చీసినావా అప్పా!"

గ్లాసులు బల్ల మీద దించి, బెంచీ చివర తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. "ఇదిగో, నీకోసమే పట్టి ఉంచినాను. కూకో."

తృప్తిమాపకంలో ముల్లు ఎగబాకింది. దమయంతి చెయ్యి తనకు తెలియకుండానే లేచి చెల్లెలి చెంప మీద ఆనింది. తొడుగులో నిర్ణాయకం వెచ్చదనం నింపింది. ముల్లు గీతకు వెంట్రుకవాసిలో ఉంది. ఇంక ఆమె కూర్చోవాలి, గ్లాసు అందుకోవాలి, అంతే. మేఖల కళ్ళు మూసుకుంది. ఇలాంటివి ఎన్ని చూసిందో, ఒక్కటీ చూడకుండా ఉంటే ఎంత బాగుండునో అనుకుంది.

"కూకో అప్పా. కాళ్ళు నొప్పి కదా."

మేఖల కళ్ళు తెరిచింది. దమయంతి చెయ్యి వెనక్కి తీసుకుని, ఖాళీ అయిన బెంచీ చివరకేసి చూస్తోంది.

"కూకోను" అంది.

"కూకో అప్పా."

"అక్కడ మా చెల్లి నాకు చోటు పట్టి ఉంచినాది. తిట్లు తిని మరీ ఉంచినాది, తెరలో చెప్పినాది కదా. ఇక్కడ కూకున్నానంటే, అక్కడ తువ్వాలు తీసీమని నానే చెప్పినట్టు. నాను కూకోనమ్మా."

"కూకో అప్పా" అంది కస్తూరి మళ్ళీ, మొదటిసారి అన్న గొంతుతోనే. ఆమెకు తరువాతి మాట లేదు. వెనక జనం, మేళం ఇందాక వాయించిన పాటకే మళ్ళీ ఊగడం మొదలుపెట్టారు.

నిర్ణాయకం గొంతు వినిపించింది. "యాత్ర అసంపూర్ణం. యాత్రికురాలు కూర్చోవలసి ఉంది." ఎవరూ కదల్లేదు. నిలబడ్డవాళ్ళకు పొయ్యడానికి వీల్లేదు, స్థలాచారాన్ని తప్పకూడదని దానికదే పెట్టుకున్న నియమం. గ్లాసు అందనిదే యాత్ర పూర్తి కాదు. పూర్తి కానిదే ముల్లు ఎక్కడున్నా లెక్కలోకి రాదు. చివరికి నిర్ణాయకం, మేఖల ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని మాట పలికింది.

"పూర్వయాత్ర విఫలం. నిజయానం తప్పనిసరి. విమానం కోసం అన్వేషిస్తున్నాను."

మేఖల కుర్చీలోంచి ఎగిరి నిలబడింది. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది. తలుపు తోసుకుని పర్యవేక్షకుడు ఇమ్మానుయేలు గారు వచ్చారు. ముఖాన చెమట, చొక్కా గుండీలు తప్పు కన్నాల్లో ఉన్నాయి.

"ఏం చేశావమ్మా మేఖలా?"

"నేనేం చెయ్యలేదు సార్. ఆవిడ కూర్చోలేదు. ఇంక పంపించాల్సిందే కదా!"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఎందులో పంపిస్తావు? విమానాలెక్కడున్నాయి? ఎప్పుడో కోసేశారు. ఆ రేకులే కదా మన సముద్రపు గోడలో పెట్టింది."

"మరి కోటా?"

"కోటా ఉంటే జనం ఎదురుచూస్తారు. ఎదురుచూసేవాళ్ళు గోల చెయ్యరు." ఆయన గొంతు తగ్గించారు. "చూడు, ఆవిడకి అనుమతి వచ్చిందని చెప్పు. విమానం అని చెప్పి ఇంకో యాత్ర కట్టు. విమానాశ్రయం, మేఘాలు, దిగడం, ఆ చెల్లెలు, అంతా. ఆవిడకి తేడా తెలీదు. నీ పనితనం అలాంటిది."

జీవితంలో ఎవరూ ఆమెను ఇంతకన్నా ఘోరమైన మాట అనలేదు. ఆ మాట నిజమని కూడా ఆమెకు తెలుసు. ఆయన పిలుస్తున్నా ఆగకుండా గది తలుపు తీసుకుని డేరాలోకి నడిచింది. ఆఫీసు గుంపులోంచి, బ్యాండు వాళ్ళలోంచి నడుచుకుంటూ దమయంతి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

దమయంతి మేఖల వైపు తిరిగింది.

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

"ఓడలు?"

"ఓడల్లో సరుకే గానీ మనుషుల్ని ఎక్కించుకోరు. మీకు తెలుసు కదా."

"తెలుసు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. గుప్పిట్లో చెక్క నలిగిపోతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. "ఇంతమంది ఎందుకొస్తన్నారు మరి ఇక్కడికి? నా వెనకాల ఒకాయన కొడుకు పెళ్ళి ఫొటోలు అట్టుకుని కూకున్నాడు. ఎందుకే తల్లీ?"

మేఖల బెంచీ చివరను చూపించింది. "కూర్చోండి దమయంతమ్మ గారూ. ఇంక పోయేదేం లేదు. కాసేపు ఈ అమ్మాయితో అయినా మాట్లాడండి. అచ్చం ఆవిడలాగే మాట్లాడుతుంది, నేను చూసుకుంటాను."

"కూకో అప్పా" అంది కస్తూరి.

దమయంతి చెల్లెలి ముఖంలోకి ఆశగా చూసింది. బెంచీ వైపు కాస్త వంగింది కూడా. అలా వంగిన మనిషి ఆగి అడిగింది.

"నాను కూకుంటే ఈ యంత్రం ఏటనుకుంటాది?"

"మీకు కోరిక తీరిపోయిందనుకుంటుంది. విమానం కోసం వెతకడం ఆపేస్తుంది."

"కూకోకపోతే?"

"వెతుకుతూనే ఉంటుంది. దానికి ఆపడం రాదు."

"నాకు తీరలేదు కదా" అంది దమయంతి. "తీరిందని ఎలగ ఒప్పుకుంటాను?" మెల్లగా నడుం నిలబెట్టుకుంది. "నిలబడతాను."

మేఖల ఆమె పక్కకు వెళ్ళి భుజం ఆసరా ఇచ్చింది. అద్దం అవతల ఇమ్మానుయేలు గారు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నారు. పైన నిర్ణాయకం హైదరాబాదు కేంద్రాన్ని అడిగింది, లేదన్నారు. చెన్నైని అడిగింది, కలకత్తాని అడిగింది. అడిగిన ప్రతిచోటా అక్కడి నిరీక్షణ మందిరంలో స్పీకర్లన్నీ ఒకే గొంతుతో పలికాయి. "పైల దమయంతి మ్యూనిక్ వెళ్ళాలి. విమానం ఎక్కడ ఉంది?"

సంచులు ఒళ్ళో పెట్టుకుని వంతు కోసం కూర్చున్నవాళ్ళు తలలెత్తి విన్నారు. లేదన్న జవాబు కూడా విన్నారు. నిర్ణాయకం తరువాతి ఊరికి వెళ్ళి మళ్ళీ అడిగింది.