ఉప్పుటేరు దండులో మృదుభాషిణి

"ఇంకోసారి తిట్టండి," అన్నాడు డాక్టర్ పురంధర్.

నూకరత్నం మైక్ వంక చూసింది. కోపం లేకుండా తిట్టడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. పొద్దున డ్రైవర్ లేని సిటీ బస్సు తన మొహాన తలుపు మూసేసుకుని వెళ్లిపోయిన సంగతి గుర్తు తెచ్చుకుని, "నీ మొహం మండ! కళ్లు నెత్తికెక్కాయా? మనిషి నిలబడి ఉంటే కనబడ్డం లేదా?" అని అరిచింది.

పక్కగది స్పీకర్‌లోంచి ఆమె గొంతే వినిపించింది. "కాస్త ఆగండి. నేనిక్కడ నిలబడి ఉన్నాను."

నూకరత్నం నవ్వేసింది. తన గొంతు అంత మర్యాదగా ఉండగలదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పురంధర్ హెడ్‌సెట్ విప్పి, లోపలున్న గోరంత చిప్ చూపించాడు. దాని పేరు మృదుభాషిణి. మాట మనిషి నోట్లోంచి బయల్దేరి అవతలి వాళ్ల చెవికి చేరేలోగా, కనురెప్పపాటులో అది రెండు పనులు చేస్తుంది. గొంతులోని కోపాన్ని, వణుకుని, కీచుదనాన్ని చదును చేస్తుంది. మొరటు మాట తీసి, ఆ చోట మెత్తటి మాట పెడుతుంది.

"అర్థం మారదు. గరుకు పోతుంది, అంతే," అన్నాడు పురంధర్.

ఆయన చాలాకాలంగా ఆన్‌లైన్ గిల్డ్‌ల మీద పరిశోధన చేస్తున్నాడు. గిల్డ్ అంటే ఒకే ఆటను కలిసికట్టుగా ఆడే జట్టు. వేలకొద్దీ పుడుతుంటాయి, ఏడాది తిరక్కుండా చాలామటుకు చచ్చిపోతుంటాయి. ఎందుకు చస్తాయో ఆయన వెతికాడు. ఆట రాకపోవడం వల్ల కాదు, ఓడిపోవడం వల్ల కూడా కాదు. దాదాపు ప్రతి గిల్డూ ఎవరో ఎవరినో ఒక మాట అన్నాక విడిపోయింది. కాబట్టి ఆ మాటను తీసేస్తే గిల్డ్ నిలబడాలి.

నూకరత్నం నడిపే గిల్డ్ పేరు ఉప్పుటేరు దండు. వాళ్లు ఆడేది 'అగ్నిసీమ' అనే కోటల ఆట. ఆమె విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటర్. అయితే ఆమె పోర్టు మొహం చూసి చాలా కాలమైంది. ఆ రోజుల్లో విశాఖలో అందరి సంగతీ అంతే. గాజువాకలో తన గదిలో తెర ముందు కూర్చుని జాయ్‌స్టిక్ కదిపితే, అక్కడెక్కడో సముద్రపు ఒడ్డున క్రేన్ కంటైనర్ ఎత్తుతుంది. పోర్టులో మనుషులు లేరు, లంచ్ రూములు మూసేశారు. పెళ్లయిన రెండేళ్లకే విడిపోయిన ఆమెకు ఇంట్లోనూ ఎవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం దండుతో ఆడేటప్పుడే ఆమె గొంతు విప్పేది.

ఇప్పుడా దండు బీటలు వారుతోంది. కారణం దాలినాయుడు నోరు.

దాలినాయుడిది బొబ్బిలి. రైస్‌మిల్లులో మెకానిక్‌గా చేసి మానేశాడు. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకు ప్రాణం పోసే పాత్ర అతనిది. అందులో అతన్ని మించినవాడు లేడు. అయితే ఎవరైనా తప్పు అడుగు వేస్తే, ముందు తిట్టి ఆ తర్వాతే ప్రాణం పోస్తాడు. ఒకసారి రాజమండ్రి ఇమ్మానుయేలు తొందరపడి కోట పోగొడితే, అతని ఏడు తరాలనూ తిట్టాడు. ఇమ్మానుయేలు ఆట కట్టేసి వెళ్లిపోయాడు. మర్నాడు దాలినాయుడే ఫోన్ చేశాడు. క్షమాపణ అడగడం అతనికి చేతకాదు. "మీ కాడ వానలు పడ్డాయేటి?" అని అడిగాడట. గోదావరి నీటిమట్టం గురించి గంటసేపు మాట్లాడుకుని, ఆదివారానికి ఇద్దరూ ఆటలోకొచ్చారు.

కొత్తగా చేరిన గుంటూరు సలీమా మాత్రం అలాంటివి పడే మనిషి కాదు. "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి అక్కా," అంది. అందుకే నూకరత్నం పురంధర్ దగ్గరికొచ్చింది.

చిప్ సంగతి ఆమె అందరికీ ముందే చెప్పింది. దాలినాయుడు గొణిగాడు.

"నా నోటికి చిక్కం కడతావేటి రత్నం?"

"తిట్లు మాత్రమే తీసేస్తుందన్నా. నాకోసం పెట్టుకో."

అందరితో పాటు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత దండు మళ్లీ విడిపోయే మాటే రాలేదు. ఆదివారాలు ప్రశాంతంగా గడిచాయి. ఎవరైనా తప్పు చేస్తే, "పర్లేదు, మళ్లీ ప్రయత్నిద్దాం" అని వినిపించేది. వరసగా కోటలు గెలిచారు. రాష్ట్రంలో పేరున్న దండుల్లో ఉప్పుటేరు కూడా చేరింది. ఆట అయిపోగానే ఎవరికి వారు హెడ్‌సెట్ తీసేసేవారు. వారం మధ్యలో ఒకరికొకరు ఫోన్ చేసుకోవాల్సిన పని లేకపోయింది. నూకరత్నానికి ఏదో వెలితిగా ఉండేది. గెలుస్తున్నప్పుడు వెలితేమిటని సర్దుకునేది.

వేసవి చివర్లో ఒక ఆదివారం, కోట గోడ ఎక్కుతుండగా దాలినాయుడు ఆలస్యంగా వచ్చాడు. గొంతు నిమ్మళంగా ఉంది.

"దేవుడమ్మ వెళ్లింది. మీ కోటల సంగతి మీరు చూసుకోండి," అన్నాడు.

దేవుడమ్మ అతని భార్య. పుట్టింటికి వెళ్లి ఉంటుందనుకున్నారు.

"ఇంకేం అన్నా, నీకు సెలవులే!" అన్నాడు ఇమ్మానుయేలు. సలీమా నవ్వింది.

"వదిన వచ్చాక నిదానంగా రా అన్నా. మేం చూసుకుంటాం," అంది నూకరత్నం.

తెర మీద దాలినాయుడి పేరు పక్కన, ఆటలో ఉన్నట్టు చూపే పచ్చదీపం ఆరిపోయింది. మరి వెలగలేదు.

కొన్ని ఆదివారాలు ఎదురుచూసి, అతని స్థానంలో ఇంకొకర్ని తీసుకున్నారు. కొత్తమనిషి బాగానే ఆడేవాడు. నూకరత్నం రెండుసార్లు ఫోన్ చేసింది, దాలినాయుడు ఎత్తలేదు. అత్తారి ఊళ్లో ఉన్నాడేమో, అక్కడ సిగ్నల్ లేదేమో అనుకుంది. దసరాకి మూడు రోజులు సెలవు దొరికితే, బొబ్బిలి బస్సెక్కింది. పన్నెండేళ్లుగా గొంతు మాత్రమే తెలిసిన మనిషిని చూడ్డం అదే మొదటిసారి.

తలుపు తీసిన మనిషి ఆమె ఊహించినంత ఎత్తు లేడు. గడ్డం మాసి ఉంది. ఆమె పేరు చెప్పింది. అతను కాసేపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఇంట్లో వంట చేసిన వాసన లేదు. ఆమె తెచ్చిన మిఠాయి పొట్లం బల్ల మీద పెడుతూ, "వదిన ఇంకా పుట్టింటి నుంచి రాలేదా?" అంది.

దాలినాయుడు గోడ వైపు తిరిగాడు. అక్కడ దేవుడమ్మ ఫోటో ఉంది. దండలో పూలు ఎండిపోయి ఉన్నాయి.

నూకరత్నం మిఠాయి పొట్లాన్ని బల్ల మీంచి తీసేసింది.

"ఎప్పుడన్నా?"

"సెప్పేను గదా మీకు. పోయిన మర్నాడే సెప్పేను. మీరు నవ్వేరు."

"నువ్వు వెళ్లిందన్నావు..."

"పోయిందన్నాను!" అని అతను అరిచాడు. ఆ అరుపు విని ఎన్నాళ్లయిందో. "ఏడుస్తా సెప్పేను. మీ కోటలు మీరే చూసుకుని ఏడవండని తిట్టేను. వదిన వచ్చాక రమ్మన్నావు నువ్వు. ఎక్కడినుంచి వస్తాదే?"

ఇది చిప్ చేసిన పనేనని ఆమె చెప్పింది. తమకు వినిపించిన మాట చెప్పింది.

"తిట్టు తీసేస్తాదనుకున్నాను గానీ, సావు తీసేస్తాదనుకోలేదు," అన్నాడు దాలినాయుడు. తర్వాత నెమ్మదిగా, "యంత్రం సంగతి సరే. ఊరెళ్లిందనే అనుకోండి. ఎవరైనా ఊరెళ్తే ఎప్పుడొస్తాదని అడగరేటమ్మా? ఇన్నాళ్లకా వచ్చేది?"

నూకరత్నం ఫోన్ చేశానని అనబోయింది. రెండుసార్లేనని గుర్తొచ్చి ఊరుకుంది.

విశాఖ వచ్చాక నేరుగా పురంధర్ ల్యాబ్‌కి వెళ్లింది. పరిశోధన కోసం దాచిన వాటిల్లోంచి ఆయన ఆ ఆదివారం అసలు రికార్డింగ్ వెతికి వినిపించాడు. ఎక్కిళ్ల మధ్య తెగిపోతున్న గొంతు. "దేవుడమ్మ పోయిందిరా..." చివర ఒక బూతు. ఆ తర్వాత ఇమ్మానుయేలు హాస్యం.

పురంధర్ రికార్డింగ్ ఆపేశాడు. "జనం 'పో' అని తిట్టుకుంటారు గదా. అందుకని పోవడం అన్నచోటల్లా వెళ్లడం పెట్టడం నేర్చుకుంది. మా పరీక్షల్లో ఎవరూ చావు కబురు చెప్పలేదండీ." నోట్సులో ఏదో రాసుకుని, "తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాను," అన్నాడు.

"ఆ ఏడుపు? అది కూడా తీసేసింది కదా?"

"అది వినేవాళ్లకి ఇబ్బంది కదండీ," అన్నాడాయన. అని, తనే తలవంచుకున్నాడు.

ఆ ఆదివారం నూకరత్నం అందరి చేతా చిప్‌లు తీయించి, జరిగింది చెప్పింది. ఇమ్మానుయేలు గొంతు కీచుగా లేచింది. "నన్నెందుకు అంటావు? నువ్వు మాత్రం ఏం వెలగబెట్టావు అక్కా? లీడర్‌వి కదా!" సలీమా అతన్ని కసిరింది. అతను ఆమెను కసిరాడు. ఇంతకు ముందైతే ఇలాంటిది మామూలే. కానీ అందరికీ అలవాటు తప్పిపోయింది. తగిలిన మాటని ఏం చేసుకోవాలో ఒక్కరికీ తెలియలేదు. పచ్చదీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

మర్నాడు ఎవరైనా ఫోన్ చేస్తారని నూకరత్నం ఎదురుచూసింది. చేయలేదు. తనే చేసి కోపమా అని అడిగితే ఇమ్మానుయేలు, "అలాంటిదేం లేదక్కా" అని పెట్టేశాడు. పదిహేను రోజుల్లో అందరూ, అప్పటికే చిప్‌లు వాడుతున్న వేరే దండుల్లో చేరిపోయారు.

పురంధర్ నిజాయితీగా తప్పు సరిచేశాడు. కొత్త మృదుభాషిణి చావు కబురును చావు కబురుగానే, అయితే నిమ్మళమైన గొంతుతో చెబుతుంది. అది జనానికి ఎంతగా నచ్చిందంటే, ఏడాది తిరిగేసరికి ప్రతి ఫోన్‌లోనూ దాన్ని పెట్టేశారు. తీసేసే వీలు లేకుండా పెట్టారు. ఊళ్లో తగాదాలు తగ్గాయని పేపర్లు రాశాయి.

నూకరత్నం నెలకోసారి బొబ్బిలి వెళ్లేది. దాలినాయుడు ఒక్కోసారి మాట్లాడేవాడు, ఒక్కోసారి మాట్లాడకుండానే టీ పెట్టిచ్చేవాడు. ఆ ఇంట్లోనే ఆమె మనిషి అసలు గొంతు వినేది.

సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక మధ్యాహ్నం, క్రేన్ పనిలో ఉండగా అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"నేను బాగానే ఉన్నాను రత్నం. నువ్వు శ్రమ తీసుకుని రావాల్సిన అవసరం లేదు," అంది ఫోన్‌లో దాలినాయుడి గొంతు, ఎంతో మర్యాదగా, చల్లగా.

"అన్నా, ఏమన్నావు? నిజంగా ఏమన్నావు?"

"నేను బాగానే ఉన్నాను," అందా గొంతు, అంతే మర్యాదగా.

అతను తిట్టి పొమ్మన్నాడో, ఏడుస్తూ రమ్మన్నాడో, నిజంగానే బాగున్నాడో తెలుసుకునే దారి లేదు. గాల్లో కంటైనర్ వేలాడుతుండగానే ఆమె జాయ్‌స్టిక్ వదిలేసి, చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు నడిచింది.